షిగెనో అవ్వ ఎడమ పురి తాడు

మా కుసమి కొండ మొన్నటి పెద్ద తుఫానుకు కొట్టుకుపోకపోవడానికి కారణం మా పక్కింటి షిగెనో అవ్వ ఉత్త గాలితో పేనిన తాడు. నమ్మనివాళ్ళు వచ్చి కొండ అక్కడే ఉందో లేదో చూసుకోవచ్చు.

మా ఊరి దేవుడు ఒక దేవదారు. దాని నడుముకు చుట్టే చెయ్యంత లావు వరిగడ్డి తాడును ఏటా కొత్త సంవత్సరానికి ముందు మార్చాలి. నలభై ఒక్క ఏళ్ళుగా దాన్ని అవ్వే పేనింది. గడ్డిని కొయ్య సుత్తితో కొట్టే ముందు "కాస్త ఓర్చుకోండమ్మా" అని గడ్డికే దండం పెడుతుంది. బావికీ, పొయ్యికీ, అరిగిపోయిన కొడవలికీ అంతే మర్యాద.

"ఇదంతా ఏ పుస్తకంలో ఉందవ్వా?" అని ఒకసారి అడిగాను.

"పుస్తకమెందుకురా? చేతులు కడుక్కో, నోరు పుక్కిలించు, మనసులో మురికి పెట్టుకోకు, తిండి పెట్టిన నేలకి దండం పెట్టు. దీనికి చదువు కావాలా?"

పదో తరగతి మధ్యలో బడికి టాటా చెప్పిన నాకు ఇంతకన్నా నప్పే మతం భూమ్మీద లేదని అప్పుడే తేలిపోయింది.

నిరుడు డిసెంబరు మొదట్లో అవ్వ తమ్ముడు పోయాడు. చావు మైల ఉన్నవాళ్ళు యాభై రోజులు గుడి ద్వారం దాటరు, దేవుడి వస్తువు ముట్టరు. తమ్ముడి కోసం ఏడ్చి, కళ్ళు తుడుచుకోగానే అవ్వకు తాడు దిగులు పట్టుకుంది. ఊళ్ళో ఆ పని ఇంకెవరికీ రాదు. పూజారి మియోషి గారు పట్నం నుంచి ప్లాస్టిక్ తాడు తెప్పిద్దామన్నారు.

"ప్లాస్టిక్కా! ఇక ఏ మొహం పెట్టుకుని ఆ చెట్టు ముందు నిలబడేది?" అంది అవ్వ.

"నేనున్నాగా! ఆవులకి తాళ్ళు పేనిన చెయ్యి ఇది. రెండు రోజుల పని."

"నీ నోటికైతే ఒక్క పూట చాలు."

వచ్చి చూస్తానంది. అక్కర్లేదన్నాను. మా కొట్టంలో పేనేసి, ఇరవై ఎనిమిదో తేదీ పొద్దున్నే భుజాన వేసుకుని, ఏనుగును పట్టి తెచ్చినవాడిలా గుడికి వెళ్ళాను. అవ్వ ద్వారం బయట ఎదురు చూస్తోంది. తాడు చూడగానే ఆమె మొహం పాలిపోయింది.

"ఒరేయ్ ఎయిసకూ, ఇది కుడి పురిరా! ఆవును కట్టేది. దేవుడి తాడు ఎడమ పురి."

పుట్టినప్పటి నుంచీ ఏటా చూస్తున్న తాడు. పురి ఎటు తిరిగిందో ఒక్కసారీ చూడలేదు.

ఇరవై తొమ్మిది మంచిది కాదని ఎవరూ కట్టరు. ముప్ఫై ఒకటిన కడితే, ఆఖరి నిమిషంలో గుర్తొచ్చినట్టు, దేవుణ్ణి చిన్నబుచ్చడమే. మిగిలింది ముప్ఫై. అది దాటితే చెట్టుకు ప్లాస్టిక్కే.

మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి అవ్వ మా కొట్టం గుమ్మానికి అవతల, మంచులో ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. ఆమె చేతుల్లో గడ్డిపోచ లేదు. ఖాళీ అరచేతులు ఒకదానిమీద ఒకటి జరుపుతూ గాలిని పేనుతోంది. ఆ చేతులు చూసి నా చేతులు కదిలాయి.

"ఎడమ చెయ్యి ముందుకి తొయ్యి. ముందుకన్నాను, నీ వైపుకి కాదు!"

పట్టు దొరకడానికి అరచేతిలో ఉమ్మబోయాను.

"ఛీ! ఉమ్మిచేతుల్తోనా? కడుక్కో ఫో!"

గడ్డకట్టే నీళ్ళలో పదిహేడుసార్లు కడిగించింది. రెండు రోజులూ ఆమె పేనిన గాలికి ఒక్క ముడి పడలేదు, ఒక్క వంకర రాలేదు. నాది మాత్రం కప్పను మింగిన పాములా తయారైంది. పురి మాత్రం ఎడమే.

ముప్ఫయ్యో తేదీన నేనూ పూజారిగారూ దాన్ని చెట్టుకు చుట్టాం. అవ్వ ద్వారం బయటే నిలబడి, దండం పెట్టకుండా, చేతులు చంకల్లో దాచుకుని చూసింది. అంత దూరం నుంచి ఏం కనిపించిందో అడగలేదు.

జనవరి చివర్లో, యాభై ఒకటో రోజున, అవ్వ చేతులు కడుక్కుని, నోరు పుక్కిలించి లోపలికి వచ్చింది. తాడులో కప్ప ఉన్న చోట అరచెయ్యి ఆనించింది.

"ఓర్చుకోండి స్వామీ. వీడికి వచ్చింది ఇంతే. అబద్ధం మాత్రం పేనలేదు."

నా జీవితంలో ఆ మాట నన్ను అన్నవాళ్ళు ఇంకెవరూ లేరు. నేను ఏదో గొప్ప చెప్పుకోబోయేలోగా నా వైపు తిరిగింది.

"ఈసారి గడ్డి మనిద్దరం కలిసే కోద్దాం. ముందు నువ్వు ఉమ్మడం మానెయ్యి."