హెడ్‌క్లర్కుగారి మొండి మొక్కలు

జనన మరణాల సెక్షన్‌లో ముప్పై మూడేళ్లు పనిచేసి రిటైరైన హెడ్‌క్లర్కుకి ఇంట్లో ఊరికే కూర్చోవడం చేతకాలేదు. మొదటి వారం పేపరు చదివాడు. రెండో వారం అదే పేపర్లో అచ్చుతప్పుల కింద ఎర్రగీతలు గీశాడు. మూడో వారం నుంచి భార్య పనిలో వేలు పెట్టడం మొదలుపెట్టాడు.

ఆవిడ టైలరు. ముందుగదిలో కిటికీ పక్కన మిషను వేసుకుని బడిపిల్లల యూనిఫారాలూ, ఆసుపత్రి కర్టెన్లూ కుడుతుంది. పనిచేసేటప్పుడు పెదాల మధ్య గుండుసూదులు బిగించి ఉంటాయి కాబట్టి ఆమె మాటలు మూడే: "ఊఁ", "ఊహూఁ", ఇంకా విసుగొస్తే "మ్‌మ్‌". మొగుడి కబుర్లు వినడానికి ఆ మూడూ సరిపోతూ వచ్చాయి, ఆయన ఆఫీసుకి వెళ్లినన్నాళ్లూ.

ఒకరోజు ఆవిడ బట్టలకొట్టుకి వెళ్లొచ్చేసరికి, ఆయన బొత్తాల డబ్బాలన్నీ నేలమీద బోర్లించి కూర్చున్నాడు.

"రెండు బొక్కలవి ఇందులో, నాలుగు బొక్కలవి అందులో. మూత మీద నంబరు వేశాను. ఏ బొత్తం ఎక్కడుందో ఇదిగో ఈ కాగితం చూస్తే తెలిసిపోతుంది. ఇన్నేళ్లూ ఎలా నెట్టుకొచ్చావో గానీ!" అన్నాడు మెప్పు కోసం మొహం పైకెత్తి.

అంతకుముందు ఆవిడ కళ్లు మూసుకుని చెయ్యి పెడితే కావాల్సిన బొత్తం వేళ్లకి తగిలేది. ఆ రోజు ఒక్క తెల్లచొక్కా బొత్తం కోసం సాయంత్రం దాకా వెతికింది. చివరికి మిషను ఆపి, పెదాల మధ్య సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకి గుచ్చడం మొదలుపెట్టింది. సూదులన్నీ బయటికొచ్చాయంటే సంగతి ముదిరిందన్నమాట. ఆయన బొత్తాల కాగితం మడిచి జేబులో దాచుకున్నాడు.

"మా తమ్ముణ్ణి రమ్మంటున్నాను" అంది.

"ఎందుకూ?"

"మీకేదన్నా పని చూపిస్తాడు. లేదంటే ఈ వయసులో నేనే బయట ఉద్యోగం చూసుకోవాలి."

తమ్ముడికి ఊరి చివర నర్సరీ ఉంది. గోళ్లలో మట్టి వదలని మనిషి, మాట కూడా మొక్క మొలిచినంత నిదానం. మర్నాడు ఆటోలో ఆరు కుండీలు వేసుకొచ్చి పెరట్లో వరసగా దింపాడు. పుదీనా, నిమ్మగడ్డి, సన్న ఉల్లికాడలు, మరువం, ఇంకా రోజ్‌మేరీ, థైమ్ అనే రెండు విదేశీ వాసనాకు మొక్కలు.

"ఇవి మొండి మొక్కలు బావగారూ. ఒకసారి వేరు నిలదొక్కుకుందా, ఏళ్ల తరబడి ఉంటాయి. ఆకు తెంపుకున్నకొద్దీ వేస్తాయి. మీరు పెద్దగా చెయ్యాల్సింది కూడా ఏమీ లేదు."

"ఏళ్ల తరబడి అంటే ఎన్నేళ్లు?"

"ఎన్నంటే... ఉన్నన్నాళ్లు."

"అలా అంటే కుదరదయ్యా. రాసుకోవాలి."

తమ్ముడు అక్క వైపు చూశాడు. అక్క సూదులు నోట్లో పెట్టేసుకుంది.

ఆ సాయంత్రమే హెడ్‌క్లర్కు కొత్త రిజిస్టరు తెరిచాడు. కుండీ నంబరు, పేరు, వచ్చిన తేదీ, ఎత్తు, రిమార్కులు. భార్య టేపు తీసుకెళ్లి ఆరింటికీ కొలతలు తీశాడు. పొద్దున ఆరున్నరకి కొలతగ్లాసుతో ఒక్కోదానికి ఒక గ్లాసు నీళ్లు, సాయంత్రం ఆరున్నరకి ఇంకొకటి, పోసినట్టు చివర పొట్టి సంతకం. ఎవరికీ ఎక్కువ లేదు, ఎవరికీ తక్కువ లేదు. ఆయన సెక్షన్‌లో అందరూ సమానమే.

ఇరవై రోజులకి రోజ్‌మేరీ తల వేలాడేసింది. బావమరిది వచ్చి మట్టి వేలితో పిసికి చూసి, "దీన్ని ముంచేశారు బావగారూ. మట్టి ఎండాకే నీళ్లు పొయ్యాలి. కాస్త ఎండలోకి జరిపి, దాని మానాన దాన్ని వదిలెయ్యండి" అన్నాడు.

"వదిలేస్తే ఇక పెంచడమేమిటయ్యా?"

"ఇవి అలాగే పెరుగుతాయి మరి."

ఈ మాట ఆయనకి సుతరామూ మింగుడుపడలేదు. అయినా బావమరిది మీది గౌరవంతో నీళ్లు తగ్గించి, ఆ మిగిలిన టైములో కుండీల ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. మొక్కలు మాత్రం ఊపందుకున్నాయి. వానలు పడ్డాక పుదీనా కుండీ అంచు దాటి, నేల మీదికి దిగి, బట్టలుతికే రాయి చుట్టూ తిరిగొచ్చింది. నిమ్మగడ్డి నడుమెత్తు పెరిగింది. వీధిలో వాళ్లు ఆకు కావాలని గేటు దగ్గర నిలబడితే ఆయన ఛాతీ రెండంగుళాలు పెరిగేది. "ఎన్ని రెమ్మలు? దేనికి?" అని అడిగి, రాసుకుని మరీ ఇచ్చేవాడు. పక్కింటి పంతులమ్మ అయితే, నాలుగు రెమ్మల కోసం ఇన్ని వివరాలు చెప్పేకంటే బజారుకి వెళ్లడం తేలికని మానేసింది.

తర్వాత చలి దిగింది. ఆ ఏడు మామూలు చలి కాదు, నల్లాలో నీళ్లు ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోయేవి. ఒకరోజు పొద్దున హెడ్‌క్లర్కు మఫ్లరు చుట్టుకుని పెరట్లోకి వెళ్లేసరికి పుదీనా నల్లబడి నేలకి అతుక్కుపోయి ఉంది. ఉల్లికాడలు పసుపుపచ్చగా వాలిపోయాయి. మరువానికి పుల్లలే మిగిలాయి. నిమ్మగడ్డి చీపురుకట్టకి తక్కువ, గడ్డివాముకి ఎక్కువ. రోజ్‌మేరీ, థైమ్ మాత్రం ఏమీ ఎరగనట్టు నిలబడ్డాయి.

మూడు రోజులు చూశాడు. గిల్లి చూశాడు, ఊది చూశాడు. నాలుగో రోజు రిజిస్టరు తీసి నాలుగు పేర్ల ఎదురుగా "మృతి. కారణం: చలి" అని రాసి సంతకం పెట్టాడు.

"మా తమ్ముణ్ణి ఒకమాట అడగరాదూ?" అంది భార్య. సూదులు నోట్లోనే ఉన్నా ఈ మాట స్పష్టంగా వచ్చింది.

"ముప్పై మూడేళ్లు ఇదే పని చేశాను. చచ్చిందేదో, బతికిందేదో నాకు ఒకరు చెప్పాలా?"

"ఆ గొడుగావిడ సంగతి మర్చిపోయారా?"

ఆయన మొహం మాడిపోయింది. గొడుగావిడ ఆయన ఉద్యోగంలో ఒకే ఒక్క మచ్చ. ఒకే పేరున్న ఇద్దరు ముసలమ్మల్లో ఒకావిడ పోతే, రెండో ఆవిడ పోయినట్టు రాసేశాడు. ఆవిడ స్వయంగా ఆఫీసుకొచ్చి "నేను బతికే ఉన్నాను నాయనా" అంటే, "ఆ మాటకి కాగితం ఉందా అమ్మా?" అని అడిగాడు. ఆవిడ గొడుగుతో కౌంటరు మీద కొట్టిన దెబ్బకి ఇంకుబుడ్డి పగిలింది. రికార్డులో ఆవిణ్ణి బతికించడానికి పదకొండు నెలలు పట్టింది.

"అది వేరు, ఇది వేరు" అని, ఆ కోపంలోనే నాలుగింటినీ మట్టిగడ్డలతో సహా పెరికి, గోనెసంచిలో వేసి, ఇంటి వెనక ఖాళీ స్థలంలో ఇటుకముక్కల గుట్ట పక్కన కుమ్మరించి వచ్చాడు. బట్టలుతికే రాయి చుట్టూ మిగిలిన పుదీనా వేళ్లని కూడా పారతో తవ్వి శుభ్రం చేశాడు. పని చేస్తే పూర్తిగా చెయ్యడం ఆయనకి అలవాటు.

చలి పోయి ఎండ నిలకడగా కాస్తున్న రోజుల్లో బావమరిది వచ్చాడు. పెరట్లోకి వెళ్లి నాలుగు ఖాళీ కుండీలూ తిప్పి చూశాడు.

"మొక్కలేవి బావగారూ?"

"పోయాయయ్యా. చలికి తట్టుకోలేకపోయాయి."

"పోవడమేంటి? చలికాలం పైన ఎండిపోతాయి, అడుగున వేరు పడుకుంటుంది. ఎండ తగలగానే మళ్లీ లేస్తాయి. అందుకే కదా వీటిని మొండి మొక్కలన్నాను!"

హెడ్‌క్లర్కు కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాపాడు. కుర్చీ అక్కడ లేదు. తూలి, గోడ పట్టుకుని నిలబడ్డాడు. నాలుగు పేర్లు, నాలుగు సంతకాలు కళ్ల ముందు తిరిగాయి. లోపల మిషను చప్పుడు ఆగింది. ఆవిడ వింటోందని అర్థమై, చెప్పులు కూడా వేసుకోకుండా వెనక గేటు తీసుకుని పరుగెత్తాడు.

ఖాళీ స్థలం ఇప్పుడు ఖాళీగా లేదు. నేల మీద ముగ్గుపిండితో గీతలు గీసి ఉన్నాయి, ఇసుక దిగింది, పదిమంది పనివాళ్లు టీ తాగుతున్నారు. ఇటుకముక్కల గుట్ట సందుల్లోంచి పుదీనా పచ్చగా ఉబికి వచ్చింది. దాని పక్కనే నిమ్మగడ్డి కత్తుల్లా నిలబడింది. ఉల్లికాడలు, మరువం కూడా తలలెత్తాయి. టీ కాచే ఆవిడ గుట్ట దగ్గర వంగి, గుప్పెడు పుదీనా తుంచి గిన్నెలో వేసింది.

"ఆగండాగండి! అవి నావి!" అన్నాడు ఆయాసపడుతూ.

మేస్త్రీ గ్లాసు పక్కన పెట్టి లేచాడు. ఎత్తైన మనిషి, చెవి వెనక పెన్సిలు. "మీవా? ఎవరో మహానుభావుడు పారేసి పోయాడనుకుంటున్నాం సార్. వారం నుంచీ మా టీ రుచే మారిపోయింది."

"పారెయ్యలేదు. అంటే, పారేశాను. కానీ నావే. తీసుకెళ్లిపోతాను."

"రేపు పొద్దున ఇక్కడే పునాది తవ్వుతాం, ఎలాగూ పోయేవే. అయినా అడిగిన ప్రతివాళ్లకీ ఇచ్చేస్తే ఎలా సార్? మీవేనని ఏంటి రుజువు?"

ఈ ప్రశ్న ఆయన జీవితంలో వేలమందిని అడిగాడు. తనని ఎవరైనా అడగడం ఇదే మొదలు. ఒక్క క్షణం తడబడినా, వెంటనే మొహం విప్పారింది. రుజువా? రుజువు ఆయన దగ్గర కాక ఇంకెవరి దగ్గర ఉంటుంది! ఇంటికి పరుగెత్తి, రిజిస్టరు తెచ్చి, పేజీ తిప్పి మేస్త్రీ చేతిలో పెట్టాడు.

మేస్త్రీ వేలు పెట్టి ఒక్కో గడీ నిదానంగా చదివాడు. తలూపాడు. "పుదీనా, ఉంది. వచ్చిన తేదీ, ఉంది. ఎత్తు కూడా రాశారే! భలే మనిషి సార్ మీరు." వేలు చివరి గడికి వచ్చి ఆగింది. "మృతి."

"అది..."

"కారణం చలి. కింద సంతకం మీదే కదా?"

"నాదే."

"మీ మొక్కలు చచ్చిపోయాయని మీరే రాశారు. ఇవి చూస్తే బతికున్నాయి. అంటే ఇవి మీవి కావన్నమాటేగా సార్?"

పనివాళ్లు ఒక్కసారిగా ఘొల్లుమన్నారు. మేస్త్రీ మాత్రం నవ్వలేదు. నిజంగానే తర్కం తేలక, చెవి వెనక పెన్సిలు తీసి తల గోక్కున్నాడు. హెడ్‌క్లర్కు రిజిస్టరు వెనక్కి తీసుకున్నాడు. ఇటువైపు నిలబడితే కౌంటరు ఎంత ఎత్తుగా ఉంటుందో ఆయనకి అప్పుడు తెలిసింది.

"తప్పు రాశాను" అన్నాడు చివరికి. "అవి బతికే ఉన్నాయి. నాకే తెలియలేదు."

టీ కాచే ఆవిడకి జాలేసింది. "పాపం, ఇచ్చెయ్ మేస్త్రీ. వేర్లు ఆయన పట్టుకుపోతాడు. సార్, ఆకు మాత్రం రోజూ మాకు తెచ్చివ్వాలి మరి."

"ఎన్ని రెమ్మలు?" అని అలవాటుగా జేబులో పెన్ను తడుముకుని, ఆమె మొహం చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఎన్ని కావాలంటే అన్ని" అన్నాడు.

ఇంతలో వెనక గేటు దగ్గర నవ్వు వినిపించింది. భార్య. చేతిలో కర్టెన్ల ముక్కలూ, నీళ్ల చెంబూ ఉన్నాయి. ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో గానీ, గేటు పట్టుకుని కళ్లనీళ్లు కారేలా నవ్వుతోంది. పెదాల మధ్య ఒక్క సూది కూడా లేదు. పెళ్లయిన కొత్తలో ఒకటి రెండుసార్లు చూసి ఉంటాడు ఆ నవ్వు. ఆయనకి కోపం రావాల్సింది, రాలేదు.

"తవ్వండి. చూస్తారేం?" అంది.

వెనకే వచ్చిన బావమరిది పార పట్టాడు. హెడ్‌క్లర్కు తెల్లచొక్కాతోనే మట్టిలో మోకాళ్ల మీద కూర్చుని ఇటుకముక్కలు తీశాడు. ఒక్కో వేరుముద్ద బయటికి రాగానే ఆవిడ తడిగుడ్డలో చుట్టి, చుట్టిన తీరు చెదరకుండా నాలుగు కుట్లు వేసింది. ఆసుపత్రి నీలిరంగు కర్టెన్లలో చుట్టుకుని నాలుగు మొక్కలూ వరసగా పడుకున్నాయి.

రిజిస్టరు దిద్దడం మాత్రం అంత తేలిగ్గా కాలేదు. కొట్టివేతలు పనికిరావని ఆయన పట్టు. "పై నాలుగు నమోదులు పొరపాటు. సదరు మొక్కలు జీవించి ఉన్నవి" అని కింద రాసి, ఇద్దరు సాక్షులు కావాలన్నాడు. ఒక సంతకం భార్య పెట్టింది. రెండోదాని కోసం మేస్త్రీ చేతులు కడుక్కుని వచ్చి, నాలుగు పేర్లూ పైకి చదివించుకుని, ఇల్లు రాసిచ్చేవాడంత జాగ్రత్తగా పెట్టాడు.

ఆ రోజు నుంచి పొద్దున పదింటికి పుదీనా కట్టతో ఆయన ఇటుకల గుట్ట ఎక్కడం, వాళ్లు ఒక గ్లాసు ఎక్కువ పొయ్యడం. రెండు వారాలు తిరిగేసరికి అక్కడ ఆయనకో ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది. సిమెంటు తడపడంలో వేలు పెట్టబోతే మేస్త్రీ "సార్, టీ" అనేవాడు. అంతటితో సరి. ముందుగదిలో బొత్తాలన్నీ మళ్లీ కలగాపులగంగా, హాయిగా ఉన్నాయి.

ఎనిమిది నెలలకి ఇల్లు లేచింది. పనివాళ్లు సామాను లారీకి ఎత్తుతుంటే, హెడ్‌క్లర్కు ఖాళీ పెయింటు డబ్బాకి అడుగున చిల్లులు పొడిచి, ఒక పుదీనా ముద్ద పాతి తెచ్చి టీ కాచే ఆవిడకి ఇచ్చాడు.

"ఏళ్ల తరబడి ఉండే మొక్క నాకెందుకు సార్? నేనే ఎక్కడా ఏడాది ఉండను" అందామె.

ఇలాంటి దరఖాస్తు ఆయన ముందుకి ఎప్పుడూ రాలేదు. "డబ్బాలో ఉంది కదమ్మా. నువ్వెక్కడికెళితే అక్కడికి వస్తుంది" అన్నాడు. ఆమె డబ్బా ఒళ్లో పెట్టుకుని లారీ ముందు సీట్లో కూర్చుంది.

రెండు నెలల తర్వాత ఒక పొద్దున మేస్త్రీ స్కూటరు గేటు ముందు ఆగింది. దిగకుండానే కేకేశాడు.

"సార్! మీ పుదీనా కొంప ముంచింది. డబ్బా చాల్లేదు. ఇప్పుడు కడుతున్న ఇంటికి తెప్పించిన బాత్‌టబ్బు ఒకటి పగిలి వస్తే అందులో వేశాం. ఇప్పుడు టబ్బు కూడా చాలట్లేదు. ఆ ఇంటాయన వచ్చి చూసి, బాత్‌రూంలో ఇదే ఉంచెయ్యమంటున్నాడు. ఏం చెయ్యాలో మీరే వచ్చి చెప్పాలి."

హెడ్‌క్లర్కు చొక్కా వేసుకుని, బొత్తాలు పైదొకటి కిందదొకటి పెట్టుకుంటూనే బయటికొచ్చి స్కూటరు వెనక ఎక్కి కూర్చున్నాడు.

"పెద్ద టబ్బా, చిన్న టబ్బా?" అని అడుగుతూనే ఉన్నాడు, స్కూటరు మలుపు తిరిగేదాకా.