బలవంతపు అమ్మకం

“…బలవంతం కాకపోతే ఇంకేంటమ్మా? జాబ్ పోయింది, హోమ్ లోన్ ఉంది, మీ ఆయన షేర్లు అమ్ముకున్నాడు. దాన్ని కూడా ధర అంటారా?”

“ధరే సార్. నలుగురికి చూపించి, బేరమాడి అమ్మాడు.”

గాజు తలుపు ఇవతల, పక్క సీటు నళిని తలెత్తకుండా వింటోంది. లోపల మేనేజర్ రాజగోపాల్ కిరణ్మయి ముందు గొంతు తగ్గించాడు.

“షేరు నలభై అని వేస్తే ఈ ఏడు మన లాభం గల్లంతు. లెక్క కట్టిందెవరని పైవాళ్ళు అడుగుతారు. నీ పేరు చెప్పాలి నేను. రేపు పొద్దున రిపోర్టు పంపు.”

బెంగళూరు బెళ్ళందూరులోని ఆ ఆఫీసులో కిరణ్మయి పని, మార్కెట్లో దొరకని షేర్లకు విలువ కట్టడం. వాళ్ళ సంస్థ పెట్టుబడి పెట్టిన చిన్న కంపెనీల షేర్లు ఈరోజు అమ్మితే ఎంత వస్తుందో మూడు నెలలకోసారి ఆమె తేల్చాలి. ఈమధ్య ఎవరైనా అమ్మి ఉంటే ఆ ధరే మంచి సాక్ష్యం. కొనేవాళ్ళను వెతికే వ్యవధి కూడా లేక తెగనమ్మినదైతే మాత్రం పక్కన పెట్టి పాత విలువే ఉంచవచ్చు.

ఆమె తండ్రి మదనపల్లె మార్కెట్లో టమోటా వేలం వేసేవాడు. పాట ఎక్కడ ఆగితే అదే ధర. ఆగినచోటు నచ్చలేదని రైతు తిట్టేవాడే గాని, వేరే అంకె రాయమని ఎవరూ అడిగేవారు కారు.

ఆ కంపెనీల్లో సరుకులు ఇంటికి చేరవేసేది ఒకటుంది. దాని షేరు మూడువందల పది రూపాయలని కిందటేటి నుంచీ ఆమే రాస్తోంది. భర్త దర్శన్ అక్కడే పనిచేసేవాడు. ఆ సంగతి ఆమె మొదటే చెబితే రాజగోపాల్ ఫరవాలేదన్నాడు. జీతంలో కొంత షేర్లుగా ఇచ్చి, వేసవిలో దర్శన్‌ను తీసేశారు. ఆ షేర్లే నలభైకి అమ్మాడు.

సాయంత్రం కాడుగోడిలో ఇంటి తలుపు తీసేసరికి అత్తగారు సొన్నమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ కొడుకును దులుపుతోంది.

“నీ పెండ్లామే మున్నూట పది అని రాస్తా ఉండాది. నువ్వు నలభైకి ఇచ్చేసి వస్తివి. షేర్లు కదప్పా అవి, కొత్తిమీర కట్టలా?”

“మున్నూట పదికి కొనేవాడుంటే పిలుచుకొని రామ్మా.”

కిరణ్మయి బ్యాగు దించి కూర్చుంది. కొనేవాళ్ళ కోసం దర్శన్ నలుగురి దగ్గరికి తిరిగాడు. చివరివాడి ముందు ఆమె కూడా కూర్చుంది. ముప్ఫై దగ్గర మొదలైన బేరాన్ని నలభై దాకా లాగింది ఆమే. అత్తగారికి ఆ మాట ఇంతవరకు చెప్పలేదు. ఆఫీసులోనూ చెప్పలేదు.

“నువ్వే చెప్పు,” అన్నాడు దర్శన్. “ఎవరైనా తరుముతా ఉంటే అమ్మినానా నేను?”

“లేదు.”

“ఆ మాటే మా అమ్మకి చెప్పు. మీ సారుకీ చెప్పు.”

సొన్నమ్మ చేతిలో కాయ అలాగే పట్టుకుని కోడలి వైపు చూసింది.

“రేపు దాన్ని బలవంతపు అమ్మకమనే రాసి పంపుతాను,” అంది కిరణ్మయి.