ఖాళీగా ఉంచిన నంబరు

మొన్న కరీంనగర్‌లో ఒక గాజుల దుకాణం ముందు నిలబడ్డాను. దుకాణంలో మనిషి బొగ్గుల కుంపటి మీద లక్క కరిగించి, నా కూతురి చేతికి సరిపోయేలా గాజు సాగదీస్తున్నాడు. ఆ కాలిన లక్క వాసన ముక్కుకు తగిలిందో లేదో, నా కాలు ఒకచోట నిలవలేదు. దుకాణం ముందు అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు. "ఏందమ్మా, కాలు గాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవ్?" అని కూతురు నవ్వింది. నేనేం చెప్పను? లక్క వాసనకు ఎవరికైనా గాజులో పెళ్లిళ్లో గుర్తొస్తాయి. నాకు మొయిన్ సాబ్ గుర్తొస్తారు. ఆయన గుర్తొస్తే నేను కుదురుగా ఉండలేను.

పదహారేళ్ల కిందట ఆదిలాబాద్‌లో ఒక పత్తి కంపెనీలో నాకు ఉద్యోగం దొరికింది. మాది సుల్తానాబాద్. బాపు రైస్ మిల్లులో హమాలీ. డిగ్రీ చదివిన బిడ్డకు కంపెనీలో కొలువైందని బాపు వాడంతా చెప్పుకున్నాడు గానీ, ఆ కొలువు ఏపాటిదో నాకే తెలుసు. మెట్ల కింద ఒక ఇరుకు గది, దాని పేరు డిస్పాచ్ సెక్షన్. వచ్చిన ఉత్తరాలు ఎవరివి వాళ్లకు ముట్టించాలి. పోయే ఉత్తరాలకు నంబరు వేసి, రిజిస్టరులో ఎక్కించి, కవర్లు అంటించి పంపాలి. బయటి ఊళ్లకు పోయే పత్తి నమూనాల సంచులకు లక్క ముద్ర వేయాలి. పైన మేడ మీద ఏసీ గదులు, కంప్యూటర్లు, మెడలో కార్డులు వేసుకుని తిరిగే నా ఈడు ఆడపిల్లలు. కింద నేను, గోందు సీసా, కిటికీలోంచి వచ్చి పడే పత్తి నుసి. చదివిందంతా కవర్లు నాకడానికేనా అని రోజుకు పదిసార్లు ఆ మెట్ల వైపు చూసేదాన్ని.

ఆ గదికి పెద్ద మొయిన్ సాబ్. అప్పటికే ఇరవై ఏడేళ్లు అదే గదిలో ఉన్న మనిషి. బక్కపలచగా, నెరిసిన గడ్డంతో, జేబులో రెండు పెన్నులతో ఉండేవారు. కుదురు లేకపోవడంలో నాకంటే నాలుగాకులు ఎక్కువే చదివారు. గదిలో ఆయనకొక కుర్చీ ఉండేది గానీ, దాని మీద ఆయన టిఫిన్ సంచి కూర్చునేది, ఆయన కాదు. నిలబడే రాసేవారు, నిలబడే ముద్రలు కొట్టేవారు. టపా సంచి పావుగంట ఆలస్యమైతే గేటు దాకా నాలుగుసార్లు పోయి వచ్చేవారు. ఆయన తొందరంతా ఉత్తరం చేరాలని, నా తొందరంతా మెట్లెక్కాలని. మా ఇద్దరి తిరుగుడుకు ఆ గదిలో ఫ్యాను అక్కర్లేదని పైవాళ్లు ఎగతాళి చేసేవారు.

ఒకసారి "గంగారాం, పత్తి కంపెనీ" అని మాత్రమే రాసి ఉన్న ఉత్తరం వచ్చింది. మా కంపెనీలో గంగారాంలు నలుగురు. ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. నాకు బయటికి పోవాలని లేదు.

"నోటీసు బోర్డుకు గుచ్చుదాం సాబ్. ఎవలదైతె వాళ్లే తీసుకుంటరు" అన్నాను.

"బోర్డుకు గుచ్చినంక అది ఉత్తరమెట్లైతది బిడ్డా? గోడకేసిన పోస్టరైతది. నడువ్" అని ఆయన అప్పటికే గుమ్మం దాటారు.

యార్డు ఒక చివరి నుంచి ఇంకో చివరికి నడిచాం. నా చెప్పు తెగింది. ఇద్దరు గంగారాంలు కాదన్నారు. మూడో గంగారాం పత్తి బేళ్ల నీడలో పడుకుని ఉన్నాడు. కవరు మీది చేతిరాత చూడగానే లేచి కూర్చున్నాడు. "మా తమ్మునిది. మూడేండ్లాయె మాటల్లేక" అన్నాడు. లోపల ఏముందో చూడాలని నేను మెడ చాచాను. మొయిన్ సాబ్ నా మోచెయ్యి పట్టుకుని వెనక్కి తిప్పారు. "ముట్టించుడు వరకే మన పని. ఇప్పుకునేది ఆయనిష్టం" అన్నారు. తెగిన చెప్పు చేతిలో పట్టుకుని, కాళ్లు కాలుతుంటే, మనసులో ఆయన్ని తిట్టుకుంటూ వచ్చాను. అబద్ధం ఎందుకు, ఆ రోజుల్లో ఆయన్ని చాలాసార్లు తిట్టుకున్నాను.

రిజిస్టరు సంగతి కొంచెం చెప్పాలి. పోయే ప్రతి ఉత్తరానికీ వరుసగా ఒక నంబరు, పక్కన తారీఖు ఉంటాయి. కొన్ని ఆఫీసుల్లో ఒక అతితెలివి ఉంది. రోజు చివర ఒక నంబరు ఖాళీగా వదిలేస్తారు. పది రోజుల తర్వాత రాసిన ఉత్తరాన్ని ఆ ఖాళీలో ఎక్కిస్తే, అది పది రోజుల కిందటే పోయినట్టు కనబడుతుంది. ఉద్యోగుల వ్యవహారాలు చూసే పర్సనెల్ మేనేజరు ఒకరోజు స్వయంగా కిందికి దిగి వచ్చి, నిన్నటి తారీఖుతో ఒక నంబరు కావాలని అడిగారు. ఆయన కోస్తా వైపు మనిషి, మాట మెత్తన.

"నిన్నటి నంబర్లు నిన్ననే ఒడిసినయి సార్" అన్నారు మొయిన్ సాబ్, ముద్ర కొట్టడం ఆపకుండా.

మేనేజరు నవ్వి వెళ్లిపోయారు. ఆ నవ్వు నాకు బాగా అనిపించలేదు. "ఒక్క నంబరు ఇస్తే ఏం పోయింది సాబ్, పెద్దాయనతో పేచీ ఎందుకు?" అన్నాను. "అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, గడిచిన దినాలు నేనెట్ల పంచుత? అవి నాయా?" అన్నారు. నాకది చాదస్తంగానే తోచింది.

ఆ చలికాలం ఆయన అక్కకు పక్షవాతం వస్తే పదిహేను రోజులు సెలవు పెట్టి నాందేడ్ పోయారు. రెండో రోజే మేనేజరు నన్ను పైకి పిలిపించారు. ఏసీ చల్లదనానికి ఒళ్లు జలదరించింది. కూర్చోమన్నారు. టీ తెప్పించారు.

"పైకి రావాలని ఉందటగా? ఒక సీటు ఖాళీ అవుతోంది" అన్నారు. "చిన్న పని. రోజూ సాయంత్రం ఒక నంబరు వదిలిపెట్టు. ఎప్పుడైనా పనికొస్తుంది. అంతే."

అంతేనా అనుకున్నాను. ఆ సాయంత్రం ఒక వరుస వదిలేశాను. తెల్లవారి ఇంకొకటి. మొదటి రోజు చెయ్యి కొంచెం ఆగింది, రెండో రోజు ఆగలేదు.

పదకొండో రోజు పైనుంచి ఒక ఉత్తరం వచ్చింది. దానికి గుచ్చిన చీటీ మీద నేను మొదట వదిలేసిన నంబరు, ఆనాటి తారీఖు ఉన్నాయి. ఉత్తరం విఠల్ పేరు మీద. విఠల్ పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిషన్ మీద పనిచేసేవాడు, మహారాష్ట్ర సరిహద్దు పల్లె మనిషి. రోజూ పొద్దున నమూనా సంచులు తెచ్చేది అతనే. నేను లక్క పోస్తుంటే సంచి మూతి బిగించి పట్టుకుని "చెయ్యి పైలం తాయీ" అనేవాడు. తాయి అంటే మరాఠీలో అక్క. నెల కిందట ఆ మిషన్‌లోనే పడి అతని రెండు వేళ్లు పోయాయి. పరిహారం అడుగుతాడేమోనని పైవాళ్లకు గుబులు. ఉత్తరంలో ఉన్నదేమిటంటే, ఏడు రోజుల్లో వచ్చి పనిలో చేరకపోతే పేరు కొట్టేస్తాం అని. ఆ తారీఖు ప్రకారం ఏడు రోజులు అప్పటికే దాటిపోయాయి.

చదివాను. అర్థమైంది. అర్థం కాలేదని ఇన్నేళ్లలో నాకు నేను చాలాసార్లు చెప్పి చూశాను, కుదరలేదు. ఆ ఖాళీలో విఠల్ పేరు నా చేత్తోనే ఎక్కించాను. రిజిస్టర్డ్ పోస్టు చేస్తే రసీదు మీద అసలు తారీఖు పడుతుంది గనుక సాదా పోస్టులో వేయమన్నారు. వేశాను.

మొయిన్ సాబ్ తిరిగొచ్చిన రోజే విఠల్ కూడా వచ్చాడు. చేతికి కట్టు, ఇంకో చేతిలో ఆ కవరు.

"సాబ్, గిది నిన్న ముట్టింది. గడువేమో ఎప్పుడో అయిపోయిందట. గేటు కాడ లోపటికి రానిస్తలేరు, మీ పేరు చెప్పుకొని వచ్చిన. ఎట్ల సాబ్?"

మొయిన్ సాబ్ కవరు తిప్పి చూశారు, రిజిస్టరు తీశారు. పేజీలు తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగారు. ఆ పేజీలో మిగతా వరుసలన్నీ నీలం సిరా, అది ఒక్కటీ నల్ల సిరా. తర్వాతి పేజీల్లో ఇంకా పది దాకా ఖాళీలు. విఠల్‌ని బయట కూర్చోమని, "గిదేంది బిడ్డా?" అని నన్ను అడిగారు. దాచలేదు, మొత్తం చెప్పేశాను. అరుస్తారనుకున్నాను. ఆయన టిఫిన్ సంచి తీసి కింద పెట్టి కుర్చీలో కూర్చున్నారు. ఆయన కూర్చోగా నేను చూడడం అదే మొదలు. చాలాసేపటి వరకు లేవలేదు.

విఠల్ ఫిర్యాదు చేస్తే లేబర్ ఆఫీసరు విచారణ పెట్టారు. రిజిస్టరు మోసుకుని నేనూ వెళ్లాను, తలుపు దగ్గర నిలబడ్డాను. మేనేజరు, ఉత్తరం సమయానికే పంపామని, పోస్టు వాళ్లే ఆలస్యం చేశారని మెత్తగా చెప్పారు. తర్వాత మొయిన్ సాబ్‌ని పిలిచారు.

"ఆ నంబర్ ఖాళీగ ఉండె సార్. ఉత్తరం తర్వాత ఎక్కిచ్చింది" అన్నారాయన.

"ఖాళీగా ఎవరు ఉంచారు?"

"నా సెక్షన్ సార్. జిమ్మేదారి నాది."

ఆఫీసరు ఇంకోసారి అడిగారు. అదే జవాబు. ఆ రెండు జవాబుల మధ్య నేను ఒక్క అడుగు లోపలికి వేసి ఉంటే సరిపోయేది. జీవితమంతా కాళ్లు నిలవని మనిషిని, ఆ ఒక్క నిమిషం మేకు కొట్టినట్టు నిలబడిపోయాను.

విఠల్ ఉద్యోగం నిలిచింది. మొయిన్ సాబ్‌ని యార్డు గేటు దగ్గర బండ్ల నంబర్లు రాసుకునే పనికి మార్చారు. నోరు మూసుకున్నందుకో ఏమో, నన్ను మాత్రం మాట ప్రకారం పైకి పంపారు. కంపెనీలో అందరూ ఒకటే మాట. "ఇన్నేండ్లు నీతులు చెప్పిండు, లోపట్ల కథ గిదన్నమాట!" క్యాంటీన్‌లో నా ముందే అనేవారు. నేను తల వంచుకుని టీ తాగేదాన్ని.

వారం తర్వాత తట్టుకోలేక గేటు దగ్గరికి పోయాను. ఆయన ఎండలో నిలబడి బండి నంబరు రాసుకుంటున్నారు.

"నేను చెప్పేస్త సాబ్. అందరికి చెప్త" అన్నాను.

"చెప్పాలెననిపిస్తె చెప్పు బిడ్డా. నన్నడుగుతవేంది?" అన్నారు.

కోపం లేదు, వద్దనీ అనలేదు. వద్దంటారని, ఆ మాట చాటున దాక్కుందామని పోయానేమో నేను. ఉద్యోగం పోతుందని, బాపు వాడలో తలెత్తుకోలేడని సాకులు వెతుక్కుంటూ ఏడాది గడిపాను. ఆ తర్వాత కరీంనగర్‌లో వేరే ఉద్యోగం చూసుకుని వచ్చేశాను. అక్కడ కూడా పైన గదే, ఏసీ గదే. రెండు గంటలు వరుసగా కూర్చోలేక వరండాలో తిరిగేదాన్ని.

పోయిన ఏడాది మొయిన్ సాబ్ పోయారని తెలిసింది. పొద్దున్నే బస్సెక్కి ఆదిలాబాద్ పోయాను. అంతా అయిపోయింది, ఇంటి ముందు కుర్చీల్లో కొద్దిమంది మిగిలారు. వాళ్లలో విఠల్ ఉన్నాడు. జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టి పక్కన కుర్చీ జరిపాడు.

"తప్పు జేసిండు గని, ఒప్పుకున్నడు తాయీ. గసొంటోళ్లు ఎంతమంది ఉంటరు? నా పిల్లలకు సుత చెప్తుంట" అన్నాడు.

ఆ మెప్పు వినలేకపోయాను. "ఆయన తప్పు చేయలే విఠల్. నంబరు ఖాళీ ఉంచింది నేను. నీ పేరు ఎక్కిచ్చింది సుత నేనే" అన్నాను.

విఠల్ కుర్చీ నా వైపు తిప్పుకున్నాడు. "గిప్పుడా తాయీ?" అన్నాడు. ఇంటి వైపు చెయ్యి చూపించాడు. "నాకు జెప్పుడు కాదు. లోపటికి పోయి చెప్పు."

లోపల మొయిన్ సాబ్ భార్య గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆమె ముందు కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. అంతా అయ్యాక కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"మాకు భీ చెప్పలే బేటీ" అంది. "నేను గూడ ఆయనే జేసిండనుకున్న. ఎందుకు జేసినవ్ గా పనని ఎన్నిసార్లు కొట్లాడిన ఆయనతోని. ఒక్కనాడు నీ పేరు తియ్యలే."

ఆ మాట విన్నాక నాకు నిద్ర సరిగా లేదు. నేను పైన ఏసీలో కూర్చున్న రోజుల్లో ఆయన బయట గేటు దగ్గర, ఇంట్లో భార్య దగ్గర, రెండు చోట్లా నా తప్పు మోశారు. అందుకే ఆదిలాబాద్ వైపు పనిబడినప్పుడల్లా పాత కంపెనీ మనుషులు ఎక్కడ ఉన్నారో వాకబు చేసుకుని వెళ్తాను. కొందరికి ఆ సంగతే గుర్తులేదు, కొందరు "ఇప్పుడెందుకమ్మా" అంటారు. అయినా నిలబెట్టి చెప్తాను. మీరు మొయిన్ సాబ్‌ని ఎన్నడూ చూసి ఉండరు. మీకూ చెప్తున్నాను: ఇరవై ఏడేళ్లలో ఆయన ఒక్క నంబరు కూడా ఖాళీగా ఉంచలేదు.