గంజు కింద వైఫై

మా ఇంట్లో నెట్ ఎందుకు రావడం లేదో ఈ రోజు సాయంత్రం తెలిసింది.

మొదట పెద్ద రౌటర్ కొన్నాను. హాలు దాటలేదు. తర్వాత గదికొకటి పెట్టుకునే మెష్ వైఫై డబ్బాలు తెచ్చాను. పెట్టిన రోజు నెట్ పరుగెత్తింది, మర్నాటి నుంచి పడకేసింది. గోదావరిఖని క్వార్టర్ గోడలు మందమని తిట్టుకుని, ఈ రోజు ఇంకా ఖరీదైన సెట్టు పట్టుకొచ్చాను. బిగించి, స్నానం చేసి వచ్చేసరికి నెట్ లేదు. డబ్బాలూ లేవు. వాటి చోట ఒక్కో స్టీలు గంజు బోర్లించి ఉంది. మా ఇంట్లో బొగ్గు దుమ్ముకు భయపడి కప్పని వస్తువు ఉండదు కాబట్టి, ఇన్నాళ్లూ ఆ గంజులు నా కంటికి ఆనలేదు.

"అమ్మా, ఇదేంది?"

"ఓపెన్‌కాస్టు గని దుమ్ము మంచినీళ్ల బిందెనే ఇడుస్తలేదు, గీటిని ఇడుస్తదా? పాతయి గూడ నేనే కప్పిన."

"గంజు కప్పితే సిగ్నల్ ఎట్ల వస్తదే?"

"గోడలు దాటి వస్తదని నువ్వే చెప్పినవ్ గదా బిడ్డా. గోడ దాటేదానికి గంజు అడ్డమా?"

చివరికి రాజీకొచ్చాం. ఇప్పుడు డబ్బాల మీద కోడిపిల్లల్ని కప్పే వెదురు గంపలు, వాటి మీద అమ్మ పాత చీర ముక్కలు ఉన్నాయి. నెట్ ఉరుకుతోంది. ఇందాకే పక్కింటి అక్క వచ్చి, "కోడిని పొదుగేసిన్రా?" అని అడిగి వెళ్లింది.

మీ ఇంట్లోనూ నెట్ రాకపోతే, కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసేముందు వంటింట్లో ఏ గిన్నె తక్కువైందో చూసుకోండి. దొరికితే ఇక్కడ చెప్పండి, డబ్బాల ఖర్చుకు తిడుతున్న మా ఆవిడకు నేనొక్కణ్నే కాదని చూపించాలి.