యుద్ధం చూడని ట్యాంకు

లాక్‌డౌన్ మొదలైనప్పటి నుంచి ట్రాలీ అనే ఐరిష్ ఊళ్ళోని ఆ ఇంట్లో భోజనాల బల్ల కృష్ణమోహన్ బొమ్మ ట్యాంకుది. రెండో ప్రపంచయుద్ధం నాటి స్వీడన్ ట్యాంకుకు నకలు అది. ముక్కు మీదికి జారే కళ్ళజోడు ఎగదోసుకుంటూ, అగ్గిపుల్లతో జిగురు అద్దుతూ, ఆఫీసు కాల్‌లో అన్నిటికీ అక్కడివాళ్ళలాగే “గ్రాండ్, గ్రాండ్” అంటాడు. మ్యూట్ నొక్కి అమ్మనాబూతులు తిడతాడు. నర్సు డ్యూటీ ముగించుకుని భార్య జ్ఞానేశ్వరి వచ్చిందంటే చాలు, “అక్కడే ఆగు!” అని గుమ్మంలోనే పురుగుమందు కొట్టినట్టు శానిటైజర్ కొడతాడు.

ఆ సాయంత్రం ఆమె మాస్కు వాతలు తేలిన మొహంతో ట్యాంకు వైపు చూసింది.

“ఇది ఎన్ని యుద్ధాలు చేసిందండీ?”

“ఒక్కటీ లేదు. స్వీడన్ యుద్ధంలోకి దిగితేగా! గేరుబాక్సులు మొరాయిస్తుంటే బాగుచేసుకోవడమే సరిపోయింది. చివరికి పైన ఫిరంగి భాగం పీకి బంకర్లకి బిగించారు. అయినా, దిగుంటే తెలిసేది దీని దెబ్బ!”

“అనుకున్నాలెండి. ఇంట్లో కూర్చుని ఇంటిదాని మీదే గురిపెట్టే రకమని.”

ఆమె తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. కృష్ణమోహన్ కళ్ళజోడు ఎగదోసుకున్నాడు. తర్వాత ఫిరంగిని మెల్లగా ఆ తలుపు వైపు తిప్పి, ఇక తిరగకుండా జిగురు పెట్టేశాడు.