కలెక్టరు బరువెంతండీ

నేను ఒకసారి జిల్లా కలెక్టరు గారి బరువెంత అని వాళ్ళ ఆఫీసు మనిషినే ఫోన్లో అడిగాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. మచ్చలున్నాయా అని కూడా అడిగాను. ఇప్పటికీ ఒక చేత్తో తల కొట్టుకుంటూనే ఇది రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే అందుకే అనుకోండి, ఐదో తరగతితో బడి మానేసినందుకు కాదు.

నూజివీడు దాటాక మామిడితోటల మధ్య ఒక పిల్లల హోం ఉంది. కేసుల్లో ఇరుక్కున్న మగపిల్లల్ని కోర్టు వాళ్ళు అక్కడ ఉంచుతారు. వాళ్ళకి నేను కాపలా. అంతకుముందు తోటల్లో కాయలు కోసేవాణ్ణి. చెట్టు మీంచి పడి నడుం దెబ్బతింది. ఇక కొమ్మెక్కలేనని తేలాక, కనిపించినవాళ్ళందరి కాళ్ళూ పట్టుకుని ఈ ఉద్యోగంలో చేరాను.

చేరిన రోజే సూపరింటెండెంట్ గారు చెప్పేశారు. "ఇస్సాకూ, నీది టెంపరరీ. నీ మీద ఒక్క కంప్లైంట్ వచ్చిందంటే మళ్ళీ తోటలోకే." ఆ మాట విన్న దగ్గర్నుంచి గేటు చప్పుడైతే చాలు, లేచి చేతులు కట్టుకుని నిలబడేవాణ్ణి. తోటలోకి పోయి నేను చేసేదేముంది, చెట్టు కింద నిలబడి పైకి చూడటం తప్ప.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మా వైపు కలెక్టరంటే మామిడికాయ. ముక్కు వంకరగా ఉండే పొడుగు కాయ. జిల్లా మొత్తానికి కలెక్టరు ఒకరే ఉంటారు గానీ, మా తోటల్లో కొమ్మకొక గుత్తి వేలాడుతుంటుంది.

ఆ వేసవిలో ఆగిరిపల్లి తోట ఆసామి ఒకాయన, హోం పిల్లల పచ్చడికి ఒక బండి కలెక్టరు కాయ ఊరికే పంపిస్తానన్నారు. "పచ్చడికి ఈ కాయేంటి, పులుపు చాలదు" అని వంటమనిషి మరియమ్మ గొణుగుతూనే కత్తి నూరించి పెట్టుకుంది. సూపరింటెండెంట్ గారు నూజివీడులో బంధువుల పెళ్ళికని సెలవు పెట్టారు. వెళ్తూ వెళ్తూ "ఆఫీసు ఫోను ముట్టుకోకు" అన్నారు. అది మోగుతూనే ఉంటే ఎంతసేపని ముట్టుకోకుండా ఉంటాం, మీరే చెప్పండి.

"పిల్లల హోమేనా? రేపు పొద్దున కలెక్టరండి, మీ దగ్గరికి." గొంతు బావిలోంచి వస్తున్నట్టుంది, సగం మాటలు వినపడటం లేదు.

"తెలుసండీ, దాని కోసమే చూస్తన్నాం. బరువెంత ఉంటదండి?"

"బరువా?"

"ఉజ్జాయింపుగా చెప్పండి చాలు. దింపటానికి మనుషుల్ని చూసుకోవాలి గదా."

"దింపేదేంటండి, మేడం గారే దిగుతారు."

మేడం అంటే ఆసామి గారి భార్య అనుకున్నాను. కాయల బండెక్కి ఆవిడెందుకొస్తుందని ఒక్క క్షణం ఆలోచించి ఉంటే ఈ కథ మీకు తప్పేది.

"సరేనండి. మచ్చలేమన్నా ఉన్నాయా?"

అవతల ఏదో కింద పడిన చప్పుడైంది.

"మచ్చలుంటే గేటు కాడ్నించే తిప్పి పంపేస్తాం, ముందే చెప్తన్నా. పోయినేడు వచ్చింది సగం కుళ్ళిందండి."

"మీ పేరేంటండి?"

"ఇస్సాకంటారండి" అని గర్వంగా చెప్పాను. ఎంత జాగ్రత్త గల మనిషో అని ఆసామి గారి దగ్గర ఒక మంచి మాట చెప్తాడని నా ఆశ.

సాయంత్రం హాల్లో కుర్చీలన్నీ బయట పడేయించి, నేలంతా గడ్డి పరిపించాను. కాయ దెబ్బ తినకూడదు కదా. తర్వాత పిల్లల్ని వరసగా కూర్చోబెట్టాను.

"రేపు కలెక్టరు వచ్చుద్ది. రాగానే శుభ్రంగా కడగాలి. తడి లేకుండా తుడవాలి. ఎవరూ కొరకొద్దు. ముక్కలు కొట్టేది మరియమ్మ. మీరు కత్తి జోలికి పోవద్దు."

"ముక్కలు కొట్టాక ఏం చేస్తారు సార్?" అన్నాడు చంటి. వాడు కొత్తగా వచ్చాడు. ఏదైనా చివరిదాకా అడిగి తెలుసుకుంటేగానీ నిద్రపోడు.

"ఉప్పూ కారం పట్టించి జాడీలో కుక్కుతాం."

మర్నాడు పొద్దున గేటు ముందు తెల్ల కారు ఆగింది. ముందు సీట్లోంచి నడుముకి తుపాకీ ఉన్న పోలీసాయన దిగి, "కలెక్టరు వచ్చింది, గేటు తియ్యి" అన్నాడు. మామూలుగా 'గారు' అనేవాడేమో, నా ఫోను మాటల సంగతి విని, నన్ను ఎత్తిపొడవటానికి నేనన్నట్టే అన్నాడు.

నేను రోడ్డు ఆ చివరిదాకా చూశాను. "ఏదండీ, బండి కనపడదేం?"

"ఇదేగా బండి."

"ఇంత చిన్న కార్లో ఎంత పట్టుద్దండి. ఏదీ, డిక్కీ తియ్యండి, చూసి పంపిస్తా."

వెనక తలుపు తెరుచుకుంది. చీర కట్టుకుని, కళ్ళద్దాలు పెట్టుకున్న ఒక మేడం దిగారు. ఆవిడ వెనకాల ఫైళ్ళు పట్టుకుని ఇంకొకాయన దిగాడు. ఆయన "మేడం, ఇతనే" అన్నాడు. బావిలోంచి వచ్చిన గొంతు అదే.

అప్పుడు అర్థమైంది నాకు. గేటు ఎలా తీశానో తెలీదు.

మేడం నేరుగా హాల్లోకి వెళ్ళి గడ్డి మధ్యలో నిలబడ్డారు. అప్పుడే కబురంది పరిగెత్తుకొచ్చిన సూపరింటెండెంట్ గారు, తలలో అక్షింతలతో గోడకి ఆనుకుని రొప్పుతున్నారు.

"కలెక్టర్ వస్తారని మీకు చెప్పారా?" అని మేడం పిల్లల్ని అడిగారు.

"చెప్పారు మేడం" అంటూ చంటి చేతులు కట్టుకుని లేచాడు.

"వస్తే ఏం చెయ్యమన్నారు?"

"ముందు కడగమన్నారు మేడం. తర్వాత తుడవమన్నారు. కొరకొద్దన్నారు. ముక్కలు మాత్రం మమ్మల్ని కొట్టొద్దన్నారు, అది మరియమ్మ గారి పనంట. తర్వాత ఉప్పూ కారం పెట్టి జాడీలో..."

సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి మరియమ్మ తొంగి చూసింది. "కలెక్టరు వచ్చిందా ఇస్సాకూ? కత్తి పట్రానా?"

పోలీసాయన చెయ్యి నడుం మీదికి పోయింది. నా ఉద్యోగం నాకు కనపడుతూనే గేటు దాటి తోటలోకి నడిచి వెళ్ళిపోతోంది.

"మామిడికాయ మేడం" అని అరిచాను. "కలెక్టరంటే కాయ మేడం. మా వైపు పేరు. పొడుగ్గా ఉంటది. ముక్కు వంకర. తోలు మందం."

సూపరింటెండెంట్ గారు కళ్ళు మూసుకున్నారు.

మంచి మాట ఒక్కటైనా చెప్పాలని, "పురుగు తొందరగా పట్టదు మేడం" అని చేర్చాను.

"రుచి ఎలా ఉంటుంది?" అన్నారు మేడం. మొహంలో నవ్వు లేదు.

"మగ్గితే తీపే మేడం."

వెనక వరసలో ఎవడో కిసుక్కుమన్నాడు. ఇంకొకడు అందుకున్నాడు. హాలంతా గొల్లుమంది. ఆ హోంలో పిల్లలందరూ ఒక్కసారి నవ్వడం నేను వినడం అదే మొదలు. మేడం ఫైలు అడ్డం పెట్టుకున్నారు గానీ భుజాలు కదులుతున్నాయి.

"ఇవాళే తీసేస్తాను మేడం, టెంపరరీయే" అన్నారు సూపరింటెండెంట్ గారు.

"ఎందుకండీ? నా కారు డిక్కీయే చూస్తానన్నాడు. ఇంకెవర్నీ ఊరికే లోపలికి రానివ్వడు. గేటు దగ్గరే ఉంచండి." రెండడుగులు వేసి ఆగారు. "ఫోను మాత్రం బీరువాలో పెట్టి తాళం వెయ్యండి."

కాబట్టి పాఠకులారా, బైబిలు మీద చెయ్యేసి చెప్తున్నాను. ప్రాణం ఉన్నంతవరకూ ఆ కాయని 'గారు' లేకుండా పిలవను. మొన్న మార్కెట్లో కూడా "కలెక్టరు గారు కిలో ఎంతమ్మా?" అనే అడిగాను. కాయలమ్మే ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, నన్నే కలెక్టరనుకుందేమో, తక్కెడ పక్కన పెట్టి లేచి నిలబడి దణ్ణం పెట్టింది.