గోరువెచ్చని ఉప్పునీళ్లు

మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. గుంటూరు బ్లడ్ బ్యాంకులో చేరిన వారానికే నాకు చెమటలు పట్టాయి. కాన్పులో రక్తం పోతున్న తన చెల్లెలికి సత్తెనపల్లి మిర్చి రైతొకాయన రక్తమిచ్చాడు. ఆమెది ‘ఓ’ గ్రూపు. ఆయన ఎర్రకణాలతో పరీక్షిస్తే ‘ఏబీ’ వచ్చింది, సీరంతో, అంటే రక్తంలోని తేటతో చేస్తే ‘ఓ’ వచ్చింది. రెండూ ఒకటే రావాలి.

“ఏందమ్మాయ్, ఇంకా చూస్తన్నావ్? ఒక తల్లి పిల్లలమే మేము!” అని కిటికీలోంచి అరిచాడు.

“అయినా గ్రూపులు వేరు కావొచ్చండి, ఆగండి!” అన్నాను.

బయట మంచు కురుస్తోంది. కణాలు గుంపు కట్టబట్టే ‘ఏబీ’ అనిపించింది; అవి చలికే గుంపు కట్టాయేమో! టీ స్టవ్ మీద ఉప్పునీళ్లు గోరువెచ్చగా కాచి, కణాలను కడిగి చూశాను. గుంపులు విడిపోయాయి. ‘ఓ’ గ్రూపే! చెల్లెలి రక్తంతో కలిపి చూసినా సరిపోయింది. రక్తం సీసా పట్టుకుని నేనే మెట్లెక్కి కాన్పుల వార్డుకు పరుగెత్తాను.